వాసన పోయిన డ్రమ్ము

మొన్న మల్లాపూర్ రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను. ఎదురుగా పాత సామాన్ల దుకాణం. బయట నీలం డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి బేరమాడుతోంది. అమ్మాయి కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. అబ్బాయి ఒక డ్రమ్ము కిందికి దింపి, మూత తిప్పి తీసి, తలకాయ మొత్తం లోపల పెట్టి గట్టిగా వాసన పీల్చాడు. ఆ వంగడం, ఒక చేత్తో అంచు పట్టుకుని రెండో చెయ్యి నడుం మీద పెట్టుకోవడం చూస్తూ అలాగే ఉండిపోయాను. మా బావ అచ్చం అలాగే వంగేవాడు. నేను ఎక్కాల్సిన ఆటో వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది.

బావ పేరు యాదగిరి, మా అక్క లలిత భర్త. జనగామ అవతల మా ఊళ్ళో బోర్లు వట్టిపోయాక నాచారం వచ్చి, బట్టల రంగులకు కావలసిన రసాయనాలు తయారుచేసే ఓ ఫ్యాక్టరీలో కుదిరాడు. నేను డిగ్రీ చదువుకోవడానికని వాళ్ళింట్లో దిగాను. ఇల్లంటే రెండు రేకుల గదులు, ముందు ఇంత వాకిలి, వెనక ఫ్యాక్టరీల గోడ. మా గల్లీలో టైము చూడ్డానికి గడియారం అక్కర్లేదు, ముక్కు ఉంటే చాలు. పొద్దున్నే మురిగిన కోడిగుడ్ల కంపు, మధ్యాహ్నం బాగా మాగిన పనసపండులాంటి తియ్యటి వాసన, సాయంత్రానికి గొంతులో గీరుకునే ఘాటు. అక్క వెండి పట్టీలు నెల తిరక్కుండానే నల్లబడేవి. చింతపండు పెట్టి తోముతూ, "ఈ నాచారం గాలికి నా పట్టీల మీదనే కన్ను వడ్డది" అని తిట్టుకునేది. వెండిని నల్లగా చేసే గాలి మన లోపలికి కూడా పోతోంది కదా అన్న ఆలోచన మా ఇంట్లో ఒక్కరికీ రాలేదు. పట్టీలు మళ్ళీ తెల్లగా వచ్చేవి కాబట్టి అంతటితో సరిపోయేది.

బావ చేతులు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. ఎంత రుద్దినా ఆ పసుపు వదిలేది కాదు. దిండు గలీబు మీద తల పెట్టుకున్న చోట పచ్చటి మరక, బనీను చంకల్లో పచ్చటి మరక. "మా ఆయన రోజూ పెండ్లికొడుకే" అని అక్క నవ్వేది. షిఫ్టు దిగేటప్పుడు ఫ్యాక్టరీలో ఒక్కొక్కరికీ ఒక బెల్లం ముక్క, ఒక అరటిపండు ఇచ్చేవారు. బెల్లం, అరటిపండు తింటే లోపలికి పోయిన రసాయనమంతా కడుక్కుపోతుందని అక్కడ అందరి నమ్మకం. పెద్ద సారు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అదే మాట. బావ బెల్లం దారిలో నోట్లో వేసుకునేవాడు. అరటిపండు మాత్రం చొక్కా జేబులో పెట్టుకొచ్చి, "మరదలు పిల్లా, నీ కాలేజి ఫీజు" అని నా పుస్తకాల మీద పెట్టేవాడు. మూడేళ్ళ డిగ్రీలో నేను తిన్న అరటిపళ్ళన్నీ ఆయనకు మందుగా ఇచ్చినవే. ఇప్పటికీ అరటిపండు వలిచేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

ఇక డ్రమ్ముల సంగతి. అప్పట్లో మా గల్లీలో నల్లా నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. ట్యాంకర్ వస్తే పండగ. ట్యాంకర్ వచ్చిన కాసేపట్లో ఎన్ని నీళ్ళు పట్టుకుంటే అన్ని రోజులు బతుకు. బిందెలు, బకెట్లు ఎంతకని సరిపోతాయి? అందుకని నాచారంలో మా లాంటి వాళ్ళందరికీ ఇంటి ముందు ఒక నీలం డ్రమ్ము ఉండాల్సిందే. డ్రమ్ము లేని ఇంటికి పిల్లనివ్వరని హాస్యమాడేవారు. ఆ డ్రమ్ముల్లో ఫ్యాక్టరీలకు రసాయనాలు వచ్చేవి. ఖాళీ అయ్యాక వాటిని బయటికి పంపించేవారు. మా బావకు ఒకటీ అరా అడిగితే ఇచ్చేవారు, కాకపోతే ఒకే ఒక్క షరతు. డ్రమ్ము మీది చీటీ గీకేసి తీసుకుపోవాలి. కంపెనీ పేరు బయట కనపడగూడదు.

ఆదివారం పూట వాకిట్లో కూర్చుని బావ ఆ చీటీ గీకడం నాకు కళ్ళకు కట్టినట్టుంది. విరిగిన రంపపు బ్లేడు ముక్కతో ఓపిగ్గా గీకేవాడు. చీటీ మీద ఇంగ్లీషులో బారెడు పేరు, కింద పుర్రె బొమ్మ, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. ముందు పుర్రె పోయేది, తర్వాత పేరు. మిగిలిన జిగురు కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. తర్వాత కడుగుడు. వాషింగ్ సోడా వేసి మరిగించిన నీళ్ళు పోసి దొర్లించడం, ఎండలో బోర్లించడం, చింతపండు పులుసు పట్టించడం, చివరికి బట్టల సబ్బు సగం బిళ్ళ అరగదీసి లోపల చెయ్యి అందినంత మేరా రుద్దడం. ఇన్ని అయ్యాక తల లోపల పెట్టి వాసన చూసేవాడు. ఒక్కోసారి మొహం చిట్లించి మళ్ళీ మొదలెట్టేవాడు. ఏ వాసనా రాకపోతే మాత్రం తల బయటికి తీసి, ఇంత మొహం చేసుకుని, "వాసన వోయింది. ఇగ ఫికర్ లేదు" అనేవాడు. స్టవ్ మీద ఇనుప చువ్వ కాల్చి, డ్రమ్ము పొట్ట మీద ఆ ఇంటి వాళ్ళ పేరు గుండ్రటి అక్షరాలతో రాసేవాడు, ట్యాంకర్ లైన్లో తారుమారు కాకుండా. అక్క వచ్చి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. పుర్రె ఉన్న చోటే బొట్టు.

ఒక్క పైసా పుచ్చుకునేవాడు కాదు. ఎవరింట్లో పెళ్ళయినా, కొత్తగా ఎవరు అద్దెకు దిగినా బావ డ్రమ్ము పోవాల్సిందే. గల్లీలో పేరే డ్రమ్ము యాదగిరి అయిపోయింది. మూలింటి రాములమ్మకు డ్రమ్ము ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆమెకు చదువు రాదు. తన పేరు ఎక్కడ రాసి ఉందో అడిగి తెలుసుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముతూ చాలాసేపు నిలబడింది. "నా పేరున్న సామాను ఇదొక్కటే యాదగిరీ. రేషన్ కార్డు గూడ మా ఇంటాయన పేరు మీదనే ఉన్నది" అంది. బావ సిగ్గుపడి తల గోక్కున్నాడు. ఊళ్ళో భూమి వదులుకుని వచ్చి, పట్నంలో పది మందికి పెట్టే స్థితిలో ఉన్నానని ఆయనకు ఎంత తృప్తో! ఆ తృప్తి తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తుంది.

మా పక్క పోర్షన్‌లో సీతారత్నం ఆంటీ వాళ్ళుండేవారు. ఆమె భర్త ఉప్పల్లో ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆంటీ పుట్టిల్లు నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఏడాదికోసారి ఆమె అన్న నాంచారయ్య ఎండు చేపల సంచీతో వచ్చేవాడు. ఆ సంచీ విప్పితే గల్లీలోని కంపులన్నీ కాసేపు ఓడిపోయేవి. అక్క ఎండు రొయ్యలు వంకాయలో వేసి వండేది. బావకూ ఆయనకూ భలే కుదిరింది. ఒకాయన యాస ఇంకొకాయనకు సగమే అర్థమయ్యేది, నవ్వులు మాత్రం పూర్తిగా కలిసేవి. బావ ఆయనకూ ఒక డ్రమ్ము ఇచ్చాడు, పడవలో మంచినీళ్ళు పోసుకోవడానికి. "నాంచారయ్య" అని రాసిన ఆ డ్రమ్ము బస్సు టాపు మీద కట్టించుకుని, మా బావకు చెయ్యి ఊపుతూ వెళ్ళాడు.

ఒక తొలకరి నాడు చేపలు తేలాయి. వాన పడ్డప్పుడల్లా ఫ్యాక్టరీల వాళ్ళు తొట్లలో నిల్వ ఉన్నదంతా మురికినీళ్ళు పోయే నాలాలోకి వదిలేవారు, వానలో కలిసిపోతుందని. "వాన కోసం రైతు కన్న ఎక్కువ మా ఓనరే ఎదురుసూస్తడు" అని బావే నవ్వుతూ చెప్పేవాడు. ఆ రోజు నాలా ఇటుక రంగులో నురగలు కక్కుతూ పోయింది. మర్నాడు ఆ నాలా కలిసే చెరువు ఒడ్డంతా తెల్లగా చేప పొట్టలు. జనం గంపలతో ఉరికారు. బావ కూడా బారెడు బొచ్చె చేప పట్టుకొచ్చాడు. సీతారత్నం ఆంటీ దాని మొప్ప ఎత్తి చూసి, "లలితమ్మా, ఇది వండకు తల్లీ. పడితే చచ్చింది కాదు ఇది, నీళ్ళలోనే ఊపిరాడక చచ్చింది. పారెయ్యండి" అంది. బావ ఒప్పుకోలేదు. "ఉప్పు పసుపు వెట్టి మంచిగ కడిగితే పోదా ఆంటీ?" అన్నాడు. అక్క మాత్రం భయపడి పారేసింది.

అప్పుడు నాంచారయ్య అక్కడే ఉన్నాడు. నాలా దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడి వచ్చి, "ఈ నీళ్ళు ఎటు పోతాయి యాదగిరి గారూ?" అని అడిగాడు.

"మూసీల కలుస్తయ్ మామా."

"మూసీ?"

"గది కృష్ణల కలుస్తది. ఆడికెళ్ళి సముద్రంల వోతది. ఇగ ఫికరేముంది? అంత పెద్ద సముద్రంల వోయినంక పోయినట్టే గద."

నాంచారయ్య నవ్వాడు కానీ అది మామూలు నవ్వు కాదు. "పోయినట్టు కాదండీ, మా వల్లోకి వచ్చినట్టు. మా నాన్న కాలంలో పాయ దాటి నాలుగు బారలు వేస్తే పండుగప్ప, కట్టిపరిగలు, పీతలు. ఇప్పుడు దరిదాపుల్లో ఏమీ లేదు. పొద్దు పొడిచినప్పుడు పోతే పొద్దు వాలేదాకా పోవాలి. వచ్చిన చేప కోస్తే కిరసనాయిలు వాసన. పీత డొల్ల వేలితో నొక్కితే లోపలికి పోతంది. అంతా మీదే అనను. మా రొయ్యల చెరువుల మందులున్నాయి, పొలాల మందులున్నాయి. సముద్రం కడుపు పెద్దదిలే, ఏమేసినా అరిగించుకుంటదిలే అని మేమూ అనుకున్నాం." తర్వాత, "నీళ్ళ వాటా కోసం టీవీలో రోజూ మీవాళ్ళూ మావాళ్ళూ కొట్టుకుంటన్నారు. ఈ వాటా గురించి ఒక్కడూ అడగడేంటండీ?" అన్నాడు. అందరం నవ్వేశాం. ఉద్యమం జోరుగా ఉన్న రోజులు, నీళ్ళ మాట ఎత్తితే ఎక్కడ గొడవవుతుందోనని అందరికీ లోపల కొంచెం బెరుకు. అందుకే నవ్వి ఊరుకున్నాం. ఆ మాట పట్టుకుని అప్పుడే ఇంకొంచెం దూరం ఆలోచించి ఉంటే అని ఇప్పుడనుకుని ఏం లాభం?

అక్కకు మొదట కాళ్ళు వాచాయి. తర్వాత మొహం. పొద్దున్నే వాంతులు. నిమ్స్ దాకా అక్కర్లేదులే అని గల్లీ డాక్టరు గోలీలతో కొన్నాళ్ళు నడిచింది. చివరికి పెద్ద దవాఖానకు తీసుకెళ్తే, కిడ్నీలు చాలావరకు పోయాయన్నారు. షుగర్ లేదు, బీపీ లేదు, వయసు కూడా ఏమంత లేదు. డాక్టరు బావ చేతులు చూసి ఏం పని చేస్తావని అడిగాడు. నీళ్ళు ఎక్కణ్ణుంచి, దేంట్లో నిల్వ చేస్తారని అడిగాడు. బావ చెప్పాడు.

"ఆ డ్రమ్ముల్లో అంతకుముందు ఏముండేది?"

"ఏందో ఇంగ్లీష్ పేరుంటది సార్. చీటీ గీకేస్తుంటిమి."

"ఎవరు గీకేవారు?"

"నేనే సార్."

డాక్టరు మంచివాడు. దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను, ఆ నీళ్ళు మాత్రం వెంటనే ఆపండి అన్నాడు. బావకు దీనివల్లే వచ్చింది అన్న మొదటి ముక్క ఒక్కటే వినపడినట్టుంది. బస్సులో ఉప్పల్ వచ్చేదాకా తన పచ్చటి చేతులు తొడల మీద బోర్లా పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా రంపం తీసుకుని మా డ్రమ్మును వాకిట్లో అడ్డంగా కోసేశాడు. అక్క వద్దంటున్నా వినలేదు. గల్లీ వాళ్ళు మూగి, "యాదగిరికి పిచ్చి లేసింది" అన్నారు. తెల్లారేసరికి ఆ రెండు చెక్కలనూ పాలు పోసే ఆయన అడిగి పట్టుకెళ్ళాడు, బర్రెలకు కుడితి పెట్టుకోవడానికి.

అప్పట్నుంచి బావకు ఒకటే పని. తాను ఇచ్చిన డ్రమ్ములన్నీ వాపసు తెచ్చుకోవాలి. సెలవు దొరికితే చాలు, ఇల్లిల్లూ తిరిగేవాడు. ఎవరిస్తారు? "ఇచ్చిన సామాను గుంజుకుంటరా అన్నా?" అని ఒకరు. "మా ఇంట్ల ఎవ్వరికేం గాలే, నీ పెండ్లాం రోగానికి మా డ్రమ్మేం జేసింది?" అని ఇంకొకరు. "డ్రమ్ము నీకిచ్చి నీళ్ళు నెత్తిల వోస్కోవాల్నా?" అని మరొకరు. వాళ్ళ తప్పేం లేదు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళు డ్రమ్ము ఎట్లా ఇస్తారు? పైగా ఆ డ్రమ్మును సబ్బుతో కడిగి, వాసన చూసి, ఇక ఫికర్ లేదని చెప్పింది ఈయనే కదా. అప్పుడు నమ్మిన మాటే వాళ్ళు ఇప్పుడూ నమ్ముతున్నారు. రాములమ్మ అయితే డ్రమ్ముకు అడ్డం నిలబడింది. "నా పేరున్న డ్రమ్ము నేను సచ్చినంక తీస్కపో బిడ్డా" అంది. బావ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాడట. ఆమె ఛాయ్ పెట్టి ఇచ్చి పంపింది, ఆ నీళ్ళతోనే.

నాంచారయ్యకు సీతారత్నం ఆంటీ ఫోన్ నుంచి చేశాడు. ఆయన ఒక్కడే మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్ చేసి, డ్రమ్ము ఏం చేశావు మామా అని అడిగాడు. అవతల నుంచి నాంచారయ్య గొంతు నాకూ వినపడింది. "ఇంకెక్కడేస్తాం యాదగిరి గారూ, సముద్రంలో వేసేశాం. మీరేం బెంగెట్టుకోకండి."

బావ ఫోన్ ఆంటీ చేతికిచ్చి, గడప మీద కూలబడ్డాడు.

రాష్ట్రం వచ్చిన రోజున గల్లీ అంతా రంగులు చల్లుకుని డప్పులతో ఊగిపోయింది. అందరి మొహాలూ రంగులే. బావ బయటికి వచ్చి నిలబడ్డాడు, సంతోషంగానే ఉన్నాడు, రంగు మాత్రం ముట్టుకోలేదు. అప్పటికి అక్క వారంలో కొన్ని పూటలు డయాలసిస్ మీద ఉండేది. బావకూ ఆయాసం పట్టుకుంది. అక్క కోసం తిరుగుతూ తన దగ్గు సంగతి పట్టించుకోలేదు. ఒక పొద్దున, అక్కను దవాఖానకు తీసుకెళ్ళడానికి చెప్పులేసుకుంటూ గోడకు ఒరిగాడు, మళ్ళీ లేవలేదు. ముందు పోతుందని అందరం అనుకున్న అక్క మిగిలింది. ఆమె కోసం ఏడ్చి ఏడ్చి అలిసినాయన ముందే పోయాడు.

దినాల నాడు గల్లీ గల్లీ అంతా కదిలి వచ్చింది. ఆయన చేతి సాయం పొందని ఇల్లు లేదు కదా. ఒకరు షామియానా కట్టారు, ఒకరు బియ్యం ఎసట్లో పోశారు. భోజనాల దగ్గర మంచినీళ్ళకు ఏర్పాటు చెయ్యాలని నేను అటు తిరిగేసరికి, షామియానా మూలలో అప్పటికే ఒక నీలం డ్రమ్ము నిండుగా ఉంది. చుట్టూ కొత్తగా పసుపు రాసి ఉంది. పొట్ట మీద బావ గుండ్రటి అక్షరాలు, రాములమ్మ. జనం గ్లాసులు ముంచుకుని తాగుతున్నారు. రాములమ్మ అక్క దగ్గరికి వచ్చి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నా డ్రమ్మే తెచ్చిన లలితా. ఆయన చెయ్యి వడ్డ డ్రమ్ములకెళ్ళే ఆయన దినాల నీళ్ళు తాగాలె" అంది.

అక్క లేచింది. సూదులు గుచ్చి గుచ్చి గట్లు కట్టిన చేతిని ఆ అక్షరాల మీద పెట్టింది. నేను ఏడుస్తుందనుకున్నాను. రెండు చేతులూ ఆనించి డ్రమ్మును తొయ్యబోయింది. నిండు డ్రమ్ము, ఇంచు కూడా కదల్లేదు. మళ్ళీ తోసింది. "పారబొయ్యున్రి... ఆయన అడిగిండు గద... వాపస్ ఇయ్యున్రి" అంటోంది, పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు. "దుఃఖం ఆగుతలేదు పాపం" అన్నారు. ఎవరో చప్పున ఆ డ్రమ్ములోనే గ్లాసు ముంచి అక్క పెదాలకు ఆనించారు. నేను ఆ గ్లాసు లాక్కున్నాను. రాములమ్మ మొహం చిన్నబోయింది. ఆ మొహం చూశాక ఆ రోజు ఆ డ్రమ్ము గురించి ఇంకొక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు, అక్కకూ రాలేదు. ఆ తర్వాత అక్క ఎక్కువ కాలం లేదు.

ఇప్పుడు ఉప్పల్ మీదుగా మెట్రో పోతోంది. బావ పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి, ఆ చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మా గల్లీ నల్లాలో నీళ్ళొస్తాయి, గాలి కూడా మునుపటంత కంపు కొట్టదు. ఫ్యాక్టరీలు ఇంకా బయటికి, ఇంకెవరి ఇళ్ళ వెనక్కో వెళ్ళిపోయాయి. వెళ్ళినట్టే లెక్క అని మేమూ ఊపిరి పీల్చుకున్నాం. నాలా మాత్రం పోతూనే ఉంది, మూసీలోకి, అక్కణ్ణుంచి కిందికి. సీతారత్నం ఆంటీ ఆ మధ్య కనిపించింది. వాళ్ళ అన్న పడవ అమ్మేసి, కొడుకు దగ్గర బెజవాడలో ఉంటున్నాడట. చేప తినడం మానేశాడట.

మొన్న మల్లాపూర్‌లో నేను రోడ్డు దాటాను. ఆ అబ్బాయి తల బయటికి తీసి, ఇంత మొహం చేసుకుని పెళ్ళాం వైపు చూస్తున్నాడు.

"తమ్ముడూ, నీళ్ళకు గది తీస్కోకు" అన్నాను. "దాంట్లె ఏముండెనో మనకు తెల్వదు. మా ఇంట్ల ఇద్దర్ని వోగొట్టుకున్న."

ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. దుకాణం ఆయన నవ్వి, మస్తుగ కడిగినమమ్మా అన్నాడు. అమ్మాయి అనుమానంగా ఒక అడుగు వెనక్కి వేసింది. అబ్బాయి మాత్రం నా మాట కొట్టిపారేసినట్టు ఉండకూడదని, మర్యాదగా డ్రమ్మును నా వైపు వంచాడు.

"ఏం వాసనొస్తలేదు ఆంటీ. మీరే సూడున్రి."

వంగి తల లోపల పెట్టాను. నిజమే. బట్టల సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. బావ డ్రమ్ములు కడిగినన్నాళ్ళూ ఆదివారం పూట మా వాకిలంతా ఆ వాసనే వచ్చేది.